కరోనా ట్రీటర్: ఆపరేటర్ వైపు ఒక్క పట్టీలోనే ఇంక్ లేచిపోతాంది, ఎవరన్నా చూసినారా?

కేసీ_కెనాల్_కుర్రోడు, కర్నూలు

అందరికీ నమస్తే. ముందే చెప్తాండా, ఇది జ్వరం కరోనా కాదు, ఫిల్మ్‌కి కొట్టే కరోనా, అంటే ఇంక్ పట్టుకునేట్టు ప్లాస్టిక్ పైపొరకి కరెంటు మెరుపు తగిలించేది. తెలుగులో వెతికితే అన్నీ మాస్కులు, టీకాలే వస్తాండాయి, అందుకే ఈడ అడుగుతాండా.

మాది కర్నూల్లో చిన్న లేబుల్ యూనిట్. 330 మిల్లీమీటర్ల వెబ్ (ఫిల్మ్ వెడల్పు) ఫ్లెక్సో ప్రింటింగ్ మిషన్, ఆరు కలర్లు, అంతా యూవీ లాంప్ కింద ఆరే ఇంకే. శనక్కాయ నూనె క్యాన్లకి, నీళ్ళ బాటిళ్ళకి, పచ్చడి సీసాలకి తెల్ల పీపీ (పాలీప్రొపిలీన్) స్టిక్కర్ రోళ్ళు కొడతాం. మిషన్ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చినాం, దాంతోపాటే ట్రీటర్ వచ్చింది. ఇన్నాళ్ళు దాని జోలికి ఎవరం పోలేదు. స్విచ్ వేస్తే లోపల ఊదారంగులో జుయ్ మని వెలుగుతాది, జిరాక్స్ అంగడి వాసన వస్తాది, పని చేస్తాందిలే అనుకునేది, అంతే.

మూడు వారాల నుంచి పీడ పట్టుకుంది. ఆపరేటర్ వైపు అంచు నుంచి ఆరు సెంటీమీటర్ల పట్టీలో సెల్లో టేప్ అంటించి పీకితే ఇంక్ మొత్తం టేప్‌కే వచ్చేస్తాంది, కింద తెల్ల ఫిల్మ్ అద్దం మాదిరి బయటపడుతాంది. అదే షీట్‌లో గేర్ వైపు (అవతలి అంచు) పీకితే టేప్ చిరిగిపోవాల్సిందే గానీ ఇంక్ కదలదు. నూనె క్యాన్ల పార్టీ రెండు రోళ్ళు వెనక్కి పంపించినాడు. ఓనర్ మా అన్నే కాబట్టి మిషన్ కాడ ఒకసారి, ఇంటికాడ అన్నం ముందర ఒకసారి తిట్లు పడతాండాయి.

మేం చేసిందేందంటే పవర్ 600 వాట్ల నుంచి 800, తర్వాత 1000 చేసినాం. స్పీడ్ నిమిషానికి 60 మీటర్లు. ఆ పట్టీ బాగు కాలేదు సరికదా, ఇంతకుముందు బాగుండే మధ్య లేన్లలో కూడా ఇప్పుడు టేప్‌కి రోంత రోంత రంగు వస్తాంది. డైన్ పెన్ (ట్రీట్‌మెంట్ ఎంతుందో చూసేది, నంబర్ పెరిగితే ట్రీట్‌మెంట్ ఎక్కువని) 38ది ఒకటుంది, రెండేళ్ళ కిందటిది, దాంతో గీస్తే యాడ గీసినా గీత నిలబడతాంది, అంటే ట్రీట్‌మెంట్ అంతటా ఉన్నట్టే గదా? మరి ఇంక్ ఎందుకు లేస్తాంది? ఇంక్ వాళ్ళు ఫిల్మ్‌ది తప్పంటారు, ఫిల్మ్ వాళ్ళు ఇంక్‌ది అంటారు, మధ్యలో నేను.

స్లిట్టర్_మామ, ఆదోని

తమ్ముడూ, స్టాక్ ఎప్పటిది? రేకుల షెడ్డులో పెట్టినారా? మన పక్క ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 ఉంటే రేకుల కింద ఎంతుంటాదో నీకు చెప్పాల్సిన పని లేదు. ఫ్యాక్టరీలో చేసిన ట్రీట్‌మెంట్ రోజులు పోయేకొద్దీ తగ్గుతాది, వేడిలో ఇంకా తొందరగా తగ్గుతాది. నేనైతే ఫిల్మ్ మారుస్తా, తలనొప్పి ఎందుకు.

అనంత_రోలర్, అనంతపురం

మామ చెప్పింది అబద్ధం కాదు గానీ, వేడికి పోతే రోల్ అంతా పోవాల, ఒక్క ఆరు సెంటీమీటర్లు ఎందుకు పోతాది? ఫిల్మ్ మార్చేది ఆఖరికి.

ఏమప్పా కర్నూలూ, మొదట పవర్ 600కి దించు. నేను పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్ల ఫిల్మ్ లైన్లో 18 ఏండ్లుగా ఉండా, అందరూ మొదట చేసే తప్పు ఇదే, యాడో ఒక చోట తక్కువైతే నాబ్ తిప్పుతారు. నాబ్ తిప్పితే అంతటా పెరుగుతాది, తక్కువున్న చోట తక్కువగానే ఉంటాది, బాగుండే చోట కాలిపోతాది. చేను ఒక మూల ఎండిందని మొత్తం మడికి నీళ్ళు నిలబెట్టినట్టు.

లెక్క చూడు. వాట్లని ఎలక్ట్రోడ్ (కరోనా కొట్టే కడ్డీ) పొడుగు మీటర్లతోటి, స్పీడ్ తోటి భాగించాల. 600ని 0.33 తోటి 60 తోటి భాగిస్తే 30 వస్తాది, అంటే చదరపు మీటరుకి 30 వాట్-నిమిషాలు. 1000 చేస్తే 50. మీ స్టాక్ ఫ్యాక్టరీలోనే ఒకసారి ట్రీట్ అయి వచ్చేది, మీరు కొట్టేది బూస్ట్ మాత్రమే, దానికి 50 ఎందుకు? ఇంకో మాట, మీ ట్రీటర్ స్పీడ్‌ని బట్టి పవర్ తగ్గించుకుంటాదా లేక పెట్టింది పెట్టినట్టే ఉంటాదా? పాత మిషన్ అంటాండావు కాబట్టి అడుగుతాండా. రిజిస్టర్ (రంగు మీద రంగు సరిగ్గా పడేది) సెట్ చేసేటప్పుడు 15 మీటర్ల స్పీడ్‌లో 1000 వాట్లు పోతే 200 దాటుతాది.

ఇంక అసలు సంగతి. తప్పు ఎవరిదో తెలియకుండా మిషన్ మీద స్పానర్ పెట్టద్దు. మచ్చ ఎట్లా కనపడుతాందో చూస్తే సగం తెలిసిపోతాది. రోల్ పొడుగునా ఒకే పట్టీలో ఉందంటే ఎలక్ట్రోడ్ గ్యాప్ కావచ్చు, ఎలక్ట్రోడ్ మీద మురికి కావచ్చు, ఫిల్మ్‌లోనే ఆ పట్టీ అట్ల రావచ్చు. కొలిచినట్టు ఇంత దూరానికి ఒకసారి వస్తాందంటే తిరిగేదేదో కారణం, అంటే రోలరో దాని స్లీవో (రోలర్ మీది తొడుగు). లెక్కా పత్రం లేకుండా యాడంటే ఆడ వస్తే ముడతలు, కరెంటు, తేమ, ఇట్లాంటివి చూడాల. నీది మొదటిది.

మొదటిదాంట్లో ఫిల్మా మిషనా అని తేల్చేదానికి ఒక పని చెయ్యి. రోల్‌ని తిప్పి పెడదామనుకుంటావేమో, కుదరదు, తిప్పి పెడితే విప్పుకునే దిక్కు మారిపోయి లైనర్ (స్టిక్కర్ వెనకుండే పొర) పైకి వస్తాది. అందుకని రీవైండర్ మీద ఒక్కసారి చుట్టు, ఫేస్ (ప్రింట్ పడే పక్క) బయటికే ఉండాల. అప్పుడు మొదలు చివర అవుతాది, ఆపరేటర్ వైపు అంచు గేర్ వైపుకి పోతాది. చుట్టే ముందు ఆ అంచుకి మార్కర్‌తో గీత పెట్టుకో, లేకుంటే తర్వాత మీ ఇద్దరన్నదమ్ములు కొట్టుకుంటారు. ఆ రోల్ మళ్ళా ఎక్కించి 50 మీటర్లు కొట్టి టేప్ పెట్టు. మచ్చ గీత వెంబడే గేర్ వైపుకి పోతే ఫిల్మ్‌ది తప్పు, సప్లయర్‌ని పట్టుకో. మచ్చ ఆపరేటర్ వైపే ఉండిపోతే మీ మిషన్‌దే, ఎవర్నీ అనద్దు.

క్యూసీ_అక్క, కడప

అన్న చెప్పిన రీవైండింగ్ పని తప్పకుండా చేయండి, కానీ దానికి ముందు ఆ 38 పెన్ చెత్తబుట్టలో వేయండి తమ్ముడూ. రెండేళ్ళ పెన్, ప్యానెల్ మీదే పెట్టింటారు, కరెక్టేనా? ఆ ద్రావణంలో రెండు రకాలు కలిపి ఉంటాయి, ఒకటి ఆరిపోయి లెక్క మారిపోతుంది, పైగా పెన్ మొన ప్రతిసారీ ఫిల్మ్ మీదుండే స్లిప్‌ని (జారేదానికి కలిపే మైనం లాంటిది), దుమ్ముని తుడుచుకుని లోపలికి తీసుకుపోతుంది. అట్లాంటి పెన్ ఎక్కడ గీసినా "బాగుంది" అనే చెప్తుంది, మా ఇంటికి వచ్చే పెళ్ళిళ్ళ పేరయ్య మాదిరి.

చిన్న సీసాల్లో వచ్చే ద్రావణం, దూది పుల్లలు తెచ్చుకోండి. 36, 38, 40, 42, 44 ఉంటే చాలు. ఒక పుల్ల ఒక్కసారే ముంచాలి, వాడిన పుల్ల మళ్ళీ సీసాలో పెట్టకూడదు. రాసిన తర్వాత 2 సెకన్లు చూడాలి, పొర అట్లే నిలబడితే ఆ నంబర్ పాస్, నూనె రాసిన దోసె పెనం మీద నీళ్ళు చల్లినట్టు బొట్లు బొట్లుగా ముడుచుకుంటే ఫెయిల్. ప్రింట్ కాకముందు ముక్క కోసి, అడ్డంగా మూడు మూడు సెంటీమీటర్లకి ఒక చుక్కలా రాసుకుంటూ పోండి. ట్రీటర్ ఆఫ్‌లో ఒక ముక్క, ఆన్‌లో ఒక ముక్క. గ్లవ్స్ వేసుకోండి, చాలా సీసాల్లో ఫార్మమైడ్ ఉంటుంది, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు అసలు ముట్టుకోకూడదు. మా దగ్గర అమ్మాయిలు చెయ్యి తుడుచుకోకుండా టిఫిన్ డబ్బా తీస్తుంటే నేనే అరుస్తుంటా.

రెండోది. పవర్ పెంచినాక మధ్య లేన్లు కూడా పాడయినాయి అన్నారు కదా, అది ఓవర్ ట్రీట్‌మెంట్ లక్షణం. ఎక్కువ కొడితే పీపీ పైపొరలో గొలుసులు ముక్కలు ముక్కలై పొడిలాంటి బలహీనమైన పొర తయారవుతుంది. డైన్ నంబర్ మాత్రం ఇంకా ఎక్కువే చూపిస్తుంది, చూసి మనం సంతోషపడతాం, ఇంక్ పోయి ఆ పొరకి పట్టుకుంటుంది, టేప్ పెట్టి పీకితే పొరతో సహా వచ్చేస్తుంది. ఆ పొర నీళ్ళలో కరుగుతుంది కాబట్టి ఈజీగా తెలుసుకోవచ్చు. ట్రీట్ అయిన ముక్కని తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి మళ్ళీ డైన్ రాయండి, నంబర్ బాగా పడిపోతే మీరు ఎక్కువ కొడుతున్నట్టే.

మూడోది, యూవీ లాంప్‌ని కూడా అనుమానించాలి. రిఫ్లెక్టర్ ఒక పక్క మసిపట్టినా, లాంప్ ఒక చివర ముసలిదైనా ఇట్లాగే ఒక పట్టీలో ఇంక్ నిలబడదు, అందరూ కరోనా మీద పడతారు. తేడా ఏంటంటే క్యూరింగ్ (లాంప్ కింద ఇంక్ గట్టిపడడం) లోపమైతే ఇంక్ బొటనవేలితో గట్టిగా తిప్పి రుద్దితే మెత్తగా పూసుకుంటుంది, వాసన కొడుతుంది. మీది పొర పొరలా లేచి కింద ఫిల్మ్ శుభ్రంగా కనిపిస్తోంది అంటున్నారు, అది పట్టు లేకపోవడమే అనిపిస్తోంది. అయినా రుద్ది చూడండి, పైసా ఖర్చు లేదు.

కేసీ_కెనాల్_కుర్రోడు

అక్కా దండం, పెన్ ప్యానెల్ మీదే ఉండేది, ఎట్ల కనిపెట్టినారో. సీసాల సెట్ తెలిసిన ప్రెస్ వాళ్ళ కాడ అప్పు తెచ్చినా, డేట్ చూసే తెచ్చినా.

పొద్దున్నే ఉగ్గాని తిని కూర్చుంటే పదకొండున్నర దాకా ఇదే పని. 600 వాట్లు, 60 స్పీడ్. ట్రీటర్ ఆఫ్ చేసి తీసిన ముక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా 36. ఆన్ చేసి తీసిన ముక్కలో గేర్ వైపు 44 నిలబడింది, మధ్యలో 42, ఆపరేటర్ వైపుకి పోయేకొద్దీ 40, ఆ చివరి ఆరు సెంటీమీటర్లలో 38 కూడా రెండో సెకనుకే ముడుచుకుంది. అంటే ఆడ ట్రీట్‌మెంట్ అసలు అందడంల్యా. పాత పెన్ అదే చోట గీస్తే దర్జాగా నిలబడింది, వీడియో తీసి మా అన్నకి చూపించినా.

1000 వాట్ల ముక్క తడిగుడ్డతో తుడిచినా. మధ్యలో 44 పైన ఉండేది తుడిచి ఆరినాక 40 కూడా నిలబడలా. అక్క చెప్పిందే నిజం. బొటనవేలు పరీక్ష కూడా చేసినా, ఇంక్ పూసుకోలేదు, లాంప్ బాగానే ఉందనుకుంటాండా.

రీవైండ్ చేసి పెట్టినాం. మార్కర్ గీత గేర్ వైపుకి పోయింది, మచ్చ మాత్రం ఆపరేటర్ వైపే కూర్చుంది. అనంతపురం అన్నా, మిషన్‌దే. ఫిల్మ్ ఆయనకి ఫోన్ చేసి సారీ చెప్పినా, ఆయన ఇప్పుడు పాత బాకీ అడుగుతాండాడు, అది వేరే సంగతి.

ఇప్పుడు లోపల చూడాల. డోర్ తీసి రన్నింగ్‌లో చూస్తే యాడ వెలుగు తక్కువ ఉందో తెలుస్తాదా? డోర్ స్విచ్‌కి ముందే ఎవరో వైర్ వేసి పెట్టింటే డోర్ తీసినా ఆగడం లేదు.

కడప_కరెంటోడు, కడప

ఏం పనులయ్యా ఇవి. ఇంటర్‌లాక్ బైపాస్ చేసి పెట్టిన ట్రీటర్ డోర్ తీసి రన్నింగ్‌లో తొంగి చూస్తావా? ఎలక్ట్రోడ్ మీద వేల వోల్టులు ఉంటాయి, పదివేలు అటూ ఇటూ, చెయ్యి తగలక్కర్లేదు, దగ్గరికి పోతేనే దూకుతాది. ఆ వైర్ ఈ రోజే పీకేయ్, స్విచ్ పని చేస్తేనే మిషన్ ఆన్ చెయ్. చూడాలంటే డోర్ మూసి, షెడ్డులో లైట్లు ఆర్పి, గ్లాస్‌లోంచి చూడు, ఊదా వెలుగు పట్టీ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే మందంగా ఉందా, యాడన్నా పలచబడిందా, యాడన్నా తెల్లగా దారాల మాదిరి గట్టిగా కొడతాందా అని.

లోపల చెయ్యి పెట్టాలంటే మెయిన్ ఆఫ్, తాళం, తాళం చెవి నీ జేబులో. కంపెనీ పుస్తకంలో ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగి, ఎర్తింగ్ రాడ్‌తో ఎలక్ట్రోడ్‌ని డిశ్చార్జ్ చేసి అప్పుడు ముట్టుకో.

ఇంకోటి, జిరాక్స్ అంగడి వాసన అన్నావే, అది ఓజోన్. రోజూ షెడ్డులో వాసన వస్తాందంటే ఎగ్జాస్ట్ సరిగా లాగడం లేదని. ఎనిమిది గంటల డ్యూటీకి గాల్లో 0.1 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 0.1 పాలు) దాటకూడదని లెక్క. తలనొప్పి, గొంతు మంట వస్తే ఎండకి అనుకుంటారు మనోళ్ళు. పైన డక్ట్ ఎక్కి చూడు. ఓజోన్ లోపలే తిరుగుతాంటే ఎలక్ట్రోడ్ మీద తెల్ల పొడి, బుష్‌ల మీద తుప్పు, స్లీవ్ తొందరగా గట్టిపడేది, అన్నీ వస్తాయి.

ఎర్తింగ్ కూడా చూసుకో, ఎండాకాలం మన పక్క ఎర్త్ పిట్లు బొక్కెన నీళ్ళు పోస్తే గుటుక్కున మింగుతాయి, ఎండిపోయింటాది.

అనంత_రోలర్

కరెంట్ అన్న తిట్టింది కరెక్ట్, ఇంకో రెండు తగిలించినా తప్పు లేదు. ఎర్త్ పిట్ మాట కూడా మంచిదే, మనుషుల ప్రాణానికి కావాల, కానీ ఒక అంచు బలహీనం అయ్యేదానికి అది కారణం కాదు. రోలర్‌కి తిరుగు కరెంటు పోయేది కార్బన్ బ్రష్ మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి, బ్రష్ అరిగితే రోల్ అంతటా తగ్గుతాది లేకుంటే ఎగిరెగిరి పడుతాది. మెల్లగా 44, 42, 40, 38 అని దిగుతాందంటే అది ఏటవాలు. గ్యాప్ ఏటవాలుగా ఉంది. పందెం కట్టమన్నా కడతా.

మీది సిలికాన్ స్లీవ్ వేసిన రోలర్, పైన మెటల్ ఎలక్ట్రోడ్ అనుకుంటాండా. అట్లయితే ఎలక్ట్రోడ్‌కి స్లీవ్‌కి మధ్య 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు మామూలుగా ఉంచుతారు, మీ పుస్తకంలో ఏముందో అదే ఫైనల్. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచని రేకులు) మూడు చోట్ల కొలువు, గేర్ వైపు, మధ్య, ఆపరేటర్ వైపు. ప్లాస్టిక్‌ది దొరికితే మంచిది, స్టీల్ గేజ్ అయితే సిలికాన్ గీసుకోకుండా నిమ్మళంగా. రోలర్‌ని పావు చుట్టు తిప్పి మళ్ళా కొలువు, నాలుగు సార్లు. తిప్పినప్పుడల్లా గ్యాప్ మారితే రోలర్ వంకర లేక బేరింగ్ పోయింది. మారకుండా ఒక పక్కే ఎక్కువుంటే ఎలక్ట్రోడ్ కూర్చోవడంలో తేడా. గాలి ఎక్కువున్న చోట డిశ్చార్జ్ అందదు, దగ్గరున్న చోటికే కరెంటంతా ఎగబడుతాది, పెద్ద పంక్తిలో వడ్డించేవాడికి దగ్గర కూర్చున్నోడికి మూడు బూరెలు, ఆ చివరోడికి ఆకు మాత్రమే అన్నట్టు.

కొలిచేటప్పుడే ఎలక్ట్రోడ్‌ని ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) దారాలు రాని గుడ్డ పెట్టి తుడువు, చల్లారినాకే, ఆవిరి పోయేదాకా ఆన్ చేయద్దు. ఎమెరీ పేపర్ పెట్టి రుద్దితే నేను కర్నూలు వచ్చి కొడతా.

మీది లైనర్ ఉండే స్టాక్ కాబట్టి సరిపోయింది గానీ, మా మాదిరి ఉత్త ఫిల్మ్ అయితే ఇంకో తమాషా ఉంటాది. ఫిల్మ్‌కి రోలర్‌కి మధ్య గాలి చిక్కితే వెనక పక్క కూడా ట్రీట్ అవుతాది. ఒకసారి పవర్ ఎక్కువ పెట్టి, నిప్ రోలర్ (ఫిల్మ్‌ని నొక్కి పట్టేది) లూజ్‌గా వదిలేసి రాత్రంతా లైన్ నడిపినారు మా వాళ్ళు. పొద్దున చూస్తే రోల్‌లో పొర మీద పొర అతుక్కుని విప్పేదానికి రాలా, ఇరవై రోళ్ళు మళ్ళా గుళికల మిషన్‌కి పోయినాయి. ఆ షిఫ్ట్ నాదే, అందుకే గుర్తుంది.

కేసీ_కెనాల్_కుర్రోడు

అందరూ గట్టిగా నవ్వుకోండి.

వైర్ పీకినా, స్విచ్ బాగు చేయించినా, మెయిన్‌కి తాళం వేసి కొలిచినా. గేర్ వైపు 1.5, మధ్యలో 2, ఆపరేటర్ వైపు 2.6. రోలర్ తిప్పినా మారలేదు. పందెం అన్న గెలిచినాడు.

కారణం ఏందంటే, ఎలక్ట్రోడ్ ఉండే ఫ్రేమ్ ఫిల్మ్ ఎక్కించేటప్పుడు పక్కకి తెరుచుకుంటాది, మూస్తే రెండు చివర్ల స్టాపర్ బోల్టుల మీద కూర్చోవాల. గేర్ వైపు బోల్ట్ నున్నగా మెరుస్తాంది. ఆపరేటర్ వైపు బోల్ట్ తల మీద గోరుతో గీకితే ఏదో మెత్తగా తగిలింది. టార్చ్ వేసి చూస్తే స్టిక్కర్లు! మేం కొట్టిన స్టిక్కర్లే. వేస్ట్ తీసేటప్పుడు ఊడినవి ఎగిరిపోయి ఆడ అంటుకున్నాయి, ఫ్రేమ్ మూసిన ప్రతిసారీ నొక్కుకుని నొక్కుకుని పలక మాదిరి అయిపోయింది. స్క్రూడ్రైవర్‌తో లేపితే బిళ్ళ ఊడి వచ్చింది, మిల్లీమీటర్ పైనే ఉంది మందం. పొరలు విప్పితే మామిడికాయ పచ్చడి, కింద నీళ్ళ బాటిల్, దాని కింద మేం పోయిన దసరాకి కొట్టిన స్వీట్ బాక్స్ స్టిక్కర్. అంటే అప్పటి నుంచి కొంచెం కొంచెం పెరుగుతాందన్నమాట, మాకు తెలిసింది ఇప్పుడు.

శుభ్రం చేసి మూస్తే రెండు వైపులా 1.5, 1.6. ఎలక్ట్రోడ్ మీద తెల్ల పొడి ఉండేది, తుడిచినా. డక్ట్ ఎక్కితే పైన టోపీలో పావురం గూడు, ఈకలు, పుల్లలు. గుడ్లు లేవు, పాపం తగల్లేదు. తీసినాక ఓజోన్ వాసన అసలు లేదు, పని చేయడం లేదేమో అని డౌట్ వచ్చి రెండు సార్లు లోపలికి చూసినాం, గ్లాస్‌లోంచే.

450 వాట్లు పెట్టి కొడితే ఈ కొస నుంచి ఆ కొస దాకా 42 నిలబడుతాంది, తడిగుడ్డతో తుడిచినా 40 ఉంటాంది. టేప్ కూడా పాస్.

కానీ ఇప్పుడు కొత్తది కనపడింది, ఇంతకుముందు పెద్ద మచ్చ వెనక దాక్కున్నట్టుంది. గేర్ వైపు నుంచి 20 సెంటీమీటర్ల కాడ అర్ధ రూపాయంత మచ్చ, ఆడ మాత్రం ఇంక్ లేస్తాంది. స్కేలు పెట్టి కొలిస్తే మచ్చకి మచ్చకి మధ్య 47 సెంటీమీటర్లు, ప్రతిసారీ.

స్లిట్టర్_మామ

ఈసారి నేను ఫిల్మ్ మార్చమనను. 47ని 3.14 పెట్టి భాగించు, 15 సెంటీమీటర్లు. నీ ట్రీటర్ రోలర్ స్లీవ్‌తో కలిపి 150 మిల్లీమీటర్లు ఉంటే దొంగ దొరికినట్టే. స్లీవ్ మీద ఆ చోట వేలుపెట్టి తడుము, గాటు ఉంటాది. ఎవడో రోలర్‌కి చుట్టుకున్న ఫిల్మ్‌ని బ్లేడ్ పెట్టి కోసింటాడు. మా స్లిట్టర్ రబ్బర్ రోలర్ల మీద ఇట్లాంటి గాట్లు లెక్కేస్తే ఒక్కొక్క హెల్పర్ జాతకం చెప్పొచ్చు.

అనంత_రోలర్

కరెక్ట్. గాటు పడిన చోట సిలికాన్ పలచబడుతాది, కరెంటు అంతా ఆడికే గుంజుకుంటాది, చుట్టూ ఉండేది బలహీనపడుతాది, ఆ చుక్కలో మాత్రం ఫిల్మ్ కాలుతాది. వదిలేస్తే రంధ్రం పడి స్లీవ్ మొత్తం పోతాది, ఫిల్మ్‌కి కూడా సూది బెజ్జాలు పడతాయి. వెలుతురుకి పెట్టి చూడు, ముందే పడినాయేమో. మళ్ళా ఇప్పుడే చెప్తాండా, గాటు మీద టేప్ వేయడం, సీలెంట్ పూయడం లాంటి తెలివితేటలు చూపించద్దు, ఒక గంటలో కాలిపోయి ఇంకా పెద్ద బొక్క అవుతాది. స్లీవే మార్చాల. కొత్తది ఎక్కించేటప్పుడు రోలర్ శుభ్రంగా తుడిచి, కంప్రెసర్ గాలి వదిలి ఆ గాలి మీద జార్చుకుంటూ ఎక్కించాల, కింద గాలి బుడగ ఉండిపోతే మళ్ళా అదే కథ.

క్యూసీ_అక్క

స్లీవ్ వచ్చేదాకా పని ఆగకూడదంటే ఒక ఉపాయం ఉంది, ఫిల్మ్‌కి బెజ్జాలు పడకుండా ఉంటేనే. మచ్చ ఒకే చోట వస్తుంది కదా, గేర్ వైపు నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర. లేబుల్‌కి లేబుల్‌కి మధ్య వేస్ట్ పోయే సందు ఆ లైన్‌లో పడేట్టు ఉండే జాబ్ ఏదైనా ఉంటే అది ముందు కొట్టుకోండి, మచ్చ వేస్ట్‌లో పోతుంది. మచ్చ పెద్దది అవుతోందేమో గంటకొకసారి చూస్తుండాలి. క్యాన్ల పార్టీకి మాత్రం ఇప్పుడే పంపకండి, రెండోసారి వెనక్కి వస్తే మళ్ళీ ఆర్డర్ ఇవ్వరు.

కేసీ_కెనాల్_కుర్రోడు

ఆలస్యానికి ఏమనుకోవద్దు, స్లీవ్ వచ్చేదానికి తొమ్మిది రోజులు పట్టింది.

మామా, రోలర్ 150యే. గాటు వేలికి తగిలింది, గోరంత పొడుగు, చుట్టూ గోధుమ రంగులో కాలింది. హెల్పర్ పిల్లోన్ని అడిగితే మొదట నాకు తెలీదన్నాడు, తర్వాత మా అన్న లేనప్పుడు వచ్చి, పోయిన నెల వెబ్ తెగి రోలర్‌కి చుట్టుకుంటే కట్టర్ పెట్టి కోసినా అన్నా అని ఏడుపు మొహం పెట్టినాడు. వాన్ని ఏమనాల, నేర్పించలేదు గదా మనం. చుట్టుకుంటే చేత్తో విప్పాలని, రాకుంటే నన్ను పిలవమని చెప్పినా.

అక్క చెప్పినట్టే మధ్యలో నీళ్ళ బాటిల్ జాబ్ కొట్టుకున్నాం, సందు సరిగ్గా రెండు సెంటీమీటర్లు జరిపితే మచ్చ వేస్ట్‌లోకి పోయింది. నిన్న కొత్త స్లీవ్ ఎక్కించినాం, గ్యాప్ మళ్ళా కొలిచి 1.5 పెట్టినాం, 450 వాట్లే, అంతటా 42. ఈ రోజు క్యాన్ల రోళ్ళు కొట్టి, ప్రతి రోల్ మొదట, చివర టేప్ పెట్టి ఆ టేప్ ముక్కలు తెల్ల కాగితానికి అంటించి రోల్‌తోపాటే పంపించినా.

స్టిక్కర్ల బిళ్ళ మా అన్న టేబుల్ మీద పేపర్ వెయిట్ మాదిరి పెట్టుకున్నాడు, వచ్చినోళ్ళందరికీ చూపిస్తాండాడు. షెడ్డులో ఉండే బ్లేడ్లు, కట్టర్లు అన్నీ ఏరి బీరువాలో పెట్టి తాళం వేసినాడు. ఇప్పుడు పార్సెల్ మీద టేప్ కోయాలన్నా ఆయన కాడికి పోయి సంతకం పెట్టి తెచ్చుకోవాల, పళ్ళతో కొరుకుతాండాం.